ఆరు అంగుళాల తేడా: మూడేళ్ల తర్వాత ట్రోలింగ్ మోటారు షాఫ్టు గురించి

ట్రోలింగ్ మోటారు, అంటే చిన్న పడవను నడిపే బ్యాటరీ మోటారు, ఎంత బలంగా తోస్తుంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అని కొనేముందు అందరూ చూస్తారు. నేనూ చూశాను. పైనున్న పిడినీ నీటిలోని మోటారునూ కలిపే గొట్టం, అదే షాఫ్టు, ఎంత పొడవని మాత్రం అడగలేదు. ఈ మూడేళ్లలో నన్ను బాగా బాధపెట్టిందీ, చివరకు సంతోషపెట్టిందీ అదే.

మా ఇల్లు మల్కాజిగిరిలో. పన్నెండు అడుగుల ఫైబర్ పడవ మాత్రం మేడ్చల్ దాటాక మామయ్య చేపల చెరువు గట్టున ఉంటుంది. మోటారు పడవ వెనుక పలకకు బిగించే రకం, షాఫ్టు 30 అంగుళాలు. చిన్న పడవకు ఇదే సరిపోతుందని అమ్మినవారు చెప్పారు. నేనూ టేపు పెట్టి చూశాను. వెనుక కూర్చుంటే, బ్యాటరీ కాళ్ల దగ్గర ఉంటే, పలక పై అంచు నుంచి నీటి మట్టానికి 11 అంగుళాలు. బిగింపుకీ, పిడి తిరగడానికీ పైన ఒక అయిదు పోతాయి. మిగిలిన 14 నీటిలో. అందులో రెక్క పొడవు అయిదు తీసేసినా ప్రొపెల్లర్ రెక్క కొస మీద తొమ్మిది అంగుళాల నీరు నిలుస్తుంది, అంతకంటే ఏం కావాలి? మొదటి ఏడాదంతా ఆ చెరువులో చప్పుడే లేకుండా తిరిగాను. అడిగిన వాళ్లందరికీ 30 అంగుళాలే కొనమని చెప్పాను.

రెండో ఏడు ఒక మార్పు చేశాను. ఒక్కడినే వెళ్తే పడవ ముక్కు పైకి లేస్తోందని, పాతిక కిలోలు దాటిన బ్యాటరీని పొడవాటి తీగలు వేసి ముందుకు జరిపాను. పడవ సమంగా నిలిచింది, తిన్నగా సాగింది. ఆ మార్పును కూడా అందరి దగ్గరా పొగిడాను.

ఆ ఆషాఢంలో మామయ్యతో కలిసి నాగార్జున సాగర్ వెళ్లాం. అక్కడ చేపల వ్యాపారం చేసే ఆయన స్నేహితుడు రమ్మన్నారు. ఏటా ఈ నైరుతి గాలుల కాలంలోనే మన హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవల పోటీలు నడుస్తాయి. ఆ గాలి విశాలమైన జలాశయం మీద అలలను ఎలా లేపుతుందో నాకు అనుభవం లేదు. మామయ్య ముందు కూర్చున్నారు, నేను వెనుక. ఒడ్డు నుంచి కొంత దూరం వెళ్లేసరికి మోటారు శబ్దం ఒక్కసారిగా సన్నగా, పైస్థాయికి వెళ్లింది. వెనుక తెల్లటి బుడగలు. పడవ ముందుకు కదలడం లేదు. అల వచ్చినప్పుడు ఒక క్షణం పట్టు దొరుకుతుంది, అల దిగగానే మళ్లీ అదే కేక. ఈలోగా పడవ అడ్డం తిరిగింది, పక్క నుంచి నీళ్లు లోపలికి చిమ్ముతున్నాయి. లైఫ్ జాకెట్లు వేసుకున్నా నా చేతులు వణికాయి.

"ఒరేయ్, పంకా నీళ్లలో లేదురా!" అని మామయ్య అరిచి, తెడ్డు అందుకోవడానికి మధ్య బల్ల మీదికి జరిగారు. ఆయన జరిగారో లేదో శబ్దం లావైంది, పడవ కదిలింది. తెడ్డు ముంచకముందే! ఒడ్డు చేరేదాకా ఆయనను అక్కడి నుంచి కదలనివ్వలేదు.

మర్నాడు పొద్దున, నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు, మళ్లీ టేపు పట్టుకున్నాను. బ్యాటరీ ముందు, మామయ్య ముందు ఉంటే వెనుక పలక 15 అంగుళాల ఎత్తుకు లేచింది. రెక్క కొస మీద మిగిలింది అయిదు అంగుళాలే. మామూలు అల పల్లం చాలు, అది గాలి పీల్చుకోవడానికి. నా మొదటి కొలత తప్పు కాదు, పడవ బరువంతా వెనుక ఉన్నప్పటి కొలత అది. వెనుక భాగం ఎక్కువగా తేలే స్థితిలో కొలవాలి. ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

రాణిగంజ్‌లో ఒక లేత్ మేస్త్రీ స్టీలు గొట్టం అతికిస్తానన్నారు. తీగలన్నీ షాఫ్టు లోపలి నుంచే వెళ్తాయి, అతుకు దగ్గర నీరు దిగితే మోటారే పోతుంది. వద్దనుకుని 36 అంగుళాలది కొన్నాను. తర్వాతి ఆషాఢంలో అదే చోట, అదే గాలిలో, మామయ్య ముందే కూర్చున్నారు. శబ్దం ఒక్కసారి కూడా మారలేదు. ఆ రోజు కలిగిన ఆనందం ఇప్పటికీ తాజాగా ఉంది.

అయితే మే నెలలో మేడ్చల్ చెరువు మోకాలి లోతుకు వస్తే ఇదే షాఫ్టు బురదను తాకుతుంది. షాఫ్టును ఒక ఎత్తులో పట్టి ఉంచే కాలరు వదులు చేసి పైకి లాగితే పిడి గుండెల ఎత్తుకు వస్తుంది, గంటసేపటికి భుజం పీకుతుంది. 42 అంగుళాలదైతే నా పడవలో ఇది నిత్యం ఉండే బాధ. వెనుక పలక ఎత్తుగా ఉన్న పడవ వాళ్లకు అదే సరైనది కావచ్చు. మొదట్లో నా మాట విని 30 కొన్న ఇద్దరికీ ఫోను చేసి, పెద్ద నీటిలోకి వెళ్లేముందు పడవ ముందు భాగంలో మనిషిని కూర్చోబెట్టి కొలుచుకోమన్నాను. వాళ్లు చిన్న చెరువుల్లోనే ఉంటే మార్చనక్కర లేదు. నా పాత మోటారును మామయ్య చేపల మేత చల్లడానికి ఇప్పటికీ రోజూ వాడుతున్నారు.