నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర నాటకాల డ్రెస్సుల షాపు, మిలిటరీ డ్రెస్సులు కూడా బాగా ఇస్తారు

ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోకి ఒకప్పటి ప్రెసిడెంట్ థామస్ సంకారా మీద నాటకం రాశా, పురమందిరంలో వేశాం. డ్రెస్సులు ట్రంకు రోడ్డు పక్క సందులో ఉండే పాత షాపులో అద్దెకి తీసుకున్నాం. లోపలంతా పద్యనాటకాల కిరీటాలు, గదలు, జరీ కోట్లే, మిలిటరీ డ్రెస్సులు వీళ్ళ దగ్గర యాడ ఉంటాయని మావాళ్ళు అన్నారు గానీ ఆ పెద్దాయన ముందు "కథ చెప్పు అబ్బయ్యా, బట్టలు తర్వాత చూద్దాం" అన్నాడు.

చెప్పా. 1983లో 33 ఏళ్ళకే అధికారంలోకొచ్చి, గవర్నమెంటు బెంజ్ కార్లు అమ్మేసి మంత్రులకి చిన్న రెనో 5 కార్లు పెట్టి, ఉద్యోగులు మన చేనేతలాగా అక్కడ నేసిన నూలు బట్టే కట్టాలన్న మనిషి, 1987 అక్టోబర్ 15న ఆయన్నీ ఇంకో 12 మందినీ కాల్చేశారు, డెత్ సర్టిఫికెట్‌లో సహజ మరణం అని రాశారు, కుర్చీ ఎక్కింది ప్రాణస్నేహితుడు బ్లేజ్ కంపావొరే. 1983లో సంకారాని నిర్బంధంలో పెడితే కమాండోలతో కదిలి వచ్చి అధికారంలో కూర్చోబెట్టింది కూడా ఆ బ్లేజే.

పెద్దాయన అంతా విని, బ్లేజ్‌కి మేమడిగిన నల్ల కోటు, మెలేసిన మీసం ఇవ్వనన్నాడు! "మొదటి సీన్లోనే వాడి మొహం చూసి జనం కనిపెట్టేస్తే ఇంకేం ఉండాది నాటకం" అని ఇద్దరికీ ఒకే తానులో బట్ట తీసి ఒకే రకం ఖాకీ కుట్టించాడు. నిజంగా ఆ మాటతో నా స్క్రిప్టే మారింది, మొదటి అంకంలో బ్లేజ్ పక్కకి తిరిగి తనలో తను మాట్లాడుకునే డైలాగులన్నీ కొట్టేశా, ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినే సీన్ పెట్టా. కాల్పులయ్యాక అదే ఖాకీలో బ్లేజ్ ఒక్కడే వచ్చి నిలబడితే హాల్లో ఎవురూ కదల్లేదు. నాటకం రాసేవాళ్ళకి ఇట్టాంటి మనిషి దొరకడం అదృష్టం.

సంకారా నేత చొక్కాకి చారల చేనేత బట్ట వెతికి తెప్పించాడు, లైట్ల కింద చాలా బాగా కనపడింది. ఎర్ర టోపీలే బాగాలేవు, చెమటకి రంగు దిగి సంకారా వేసిన అబ్బాయి నుదురంతా ఎర్రబడింది, అవి మాత్రం బయట కొనుక్కోండి. బూట్లు కూడా సైజులు తక్కువ.

అద్దె జతకి 250, డిపాజిట్ వేరే, కొత్తగా కుట్టినవాటికి కూడా అద్దే తీసుకున్నాడు. తెల్లారి పదింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. శివరాత్రి, శ్రీరామనవమి టైములో పౌరాణికాల వాళ్ళతో షాపు నిండిపోతుంది, కాబట్టి స్క్రిప్టు పట్టుకుని నెల ముందే పోండి, మధ్యాహ్నం పూట అయితే ఆయన తీరిగ్గా కూర్చుని వింటాడు.