పర్మిషన్ నిమిషంలో వస్తుంది, బాధ్యత మాత్రం మీ దగ్గరే ఉంటుంది

ఇళ్ల ప్లాన్లు గీయడం, వాటికి పర్మిషన్లు పెట్టడం నా పని. 2020 నవంబరులో ఆన్‌లైన్‌లో ఇళ్ల పర్మిషన్లిచ్చే టీఎస్ బీపాస్ మొదలైనప్పటి నుంచి, 2025లో దాని స్థానంలోకి బిల్డ్‌నౌ వచ్చాక కూడా, తెలంగాణ పట్టణాల్లో నా క్లయింట్ల ఫైళ్లన్నీ ఈ దారిలోనే నడిచాయి. చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇంత తేలికైన పద్ధతి అంతకుముందు లేదు. ఇది మొహమాటానికి చెప్తున్న మాట కాదు. కానీ ఆ తేలిక ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చాలామందికి పట్టలేదు. తనిఖీ పోలేదు. పర్మిషన్‌కు ముందు జరిగేది పర్మిషన్ తర్వాత జరుగుతోంది, అంతే.

లెక్క సులువే. స్థలం 75 గజాల లోపు ఉండి, ఇల్లు గ్రౌండ్ ప్లస్ ఒకటి దాటకపోతే అసలు పర్మిషనే అక్కర్లేదు; రూపాయి కట్టి రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. 75 దాటి 600 గజాల వరకు, ఎత్తు 10 మీటర్ల లోపైతే సొంత ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే పర్మిషన్ వస్తుంది. అంతకు మించితే సింగిల్ విండో: 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే వచ్చినట్టే లెక్క.

ఈ మూడింటిలో జనం ఎక్కువగా పొరబడేది మొదటిదానిలో. "75 గజాలకు రూల్స్ లేవట కదా సార్?" అంటారు. పర్మిషన్ లేదన్నారు గానీ రూల్స్ లేవని ఎవరూ అనలేదు. ప్రభుత్వ భూమిలోనో, చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు లోపల) ఉన్న 75 గజాలను రూపాయి రసీదు కాపాడదు.

రెండోది నేను రోజూ చూసేది. దరఖాస్తు చివర ఒక హామీ పెడతాం: కొలతలు నిజమని, స్థలం మీద వివాదం లేదని, నిషేధిత భూమి కాదని. నొక్కేవాళ్లలో చాలామంది దాన్ని ఫోన్‌లో కొత్త యాప్ షరతులు ఒప్పుకున్నట్టే ఒప్పుకుంటారు. కానీ అందులో రాసింది అబద్ధమని తర్వాతి తనిఖీలో తేలితే, చట్టం ప్రకారం భూమి విలువలో 25 శాతం దాకా జరిమానా పడొచ్చు, నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అందులోనే రాసి ఉంది. కూల్చివేతకు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న చెప్పిన మాట నిజమే. అయితే రోడ్లు, చెరువులు, నదుల ఒడ్డున కట్టిన అక్రమ కట్టడాలను ఆ రక్షణ నుంచి మినహాయించింది. ఆ తీర్పును నమ్ముకుని స్లాబు వేయమని నేనైతే ఎవరికీ చెప్పను.

అందుకే నా ఫీజులో సగం, నిజానికి, టేపు పట్టుకున్నందుకే. సేల్ డీడ్‌లో 150 గజాలు, 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు అని ఉంటుంది. స్థలం మీదికెళ్లి కొలిస్తే ఒక వైపు 29 అడుగులే. పక్కింటాయన ప్రహరీ కాస్త ఇటు జరిగి ఉంటుంది, లేదా మొదట లేఅవుట్ వేసినవాళ్లే అలా కొట్టి ఉంటారు. ఆ సైజు స్థలానికి 2012 నాటి జీవో 168 (భవన నిర్మాణ నిబంధనల ఉత్తర్వు) ప్రకారం ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. కాగితం ప్రకారం ప్లాన్ గీస్తే మీటరు కనిపిస్తుంది. నేల మీద ఆ మీటరులో అడుగు తక్కువ. తనిఖీకి వచ్చినవాళ్లు కొలిచేది నేలనే. ఎదురుగా ఉన్న రోడ్డు మాస్టర్ ప్లాన్‌లో ఇంకా వెడల్పుగా ఉంటే మరో మెలిక: ఆ మేరకు స్థలం వదిలేసి, అక్కడి నుంచి సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కొలవాలి. బేస్‌మెంట్ అయ్యాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

నీళ్ల విషయం సరేసరి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు ఖాళీగా ఉండాలి. నాలా 10 మీటర్లకు మించి వెడల్పుంటే 9 మీటర్లు, లేకుంటే 2 మీటర్లు. ఈ రూల్స్ 2012 నుంచీ ఉన్నాయి. హైదరాబాద్‌లో 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాకే జనం వీటి గురించి అడగడం మొదలెట్టారు.

ఇక నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది కొత్త ఇళ్లకు కాదు, పాత ఇళ్ల మరమ్మతులకు. "సార్, గోడ తీసి గోడే పెడుతున్నాం, దానికీ పర్మిషనా?" ఆన్‌లైన్ పద్ధతి కొత్త కట్టడాలకు ఇచ్చినంత స్పష్టత వీటికి ఇవ్వలేదు, దాని పెద్ద లోటు ఇదే. అలాంటప్పుడు నేను ముందుగా 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ చూస్తాను. సున్నం, రంగులు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ మార్చడం, ఫాల్స్ సీలింగ్, లోపలి పార్టిషన్, తలుపో కిటికీనో తెరవడం, మూసేయడం, సొంత స్థలంలో సజ్జా వేయడం: వీటికి అనుమతి అక్కర్లేదంటుంది. కాకపోతే ఆ వాక్యంలోనే ఒక షరతు ఉంది, కట్టడం బలానికీ, అగ్ని భద్రతకూ, ఆరోగ్యానికీ సంబంధించిన నిబంధనలు చెడకూడదని. ఆ షరతు వదిలేసి జాబితా మాత్రమే వాట్సాప్‌లో తిరుగుతుంది. స్థానిక నిబంధనలు ఇంకేమైనా అడిగితే అవే నడుస్తాయి.

పార్టిషన్‌నే తీసుకోండి. ప్లైవుడ్‌తోనో, జిప్సం బోర్డుతోనో పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు. మేస్త్రి మాట విని స్లాబు మధ్యలో, కింద బీము లేని చోట, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ లేపితే? మూడు మీటర్ల ఎత్తు గోడ ఒక్కో మీటరు పొడవుకు సుమారు 1,300 కిలోల బరువు. నాలుగున్నర అంగుళాలదైనా అందులో సగం ఉంటుంది. అంత బరువు మోయాలని ఆ స్లాబుకు ఎవరూ లెక్క కట్టి ఉండరు. గోడ తీసేయడం ఇంకా ప్రమాదం. పిల్లర్లు లేకుండా గోడల మీదే కట్టిన పాత ఇళ్లలో హాలు పెద్దది చేద్దామని తీసే గోడే పైకప్పును మోస్తుంటుంది. పర్మిషన్ సంగతి తర్వాత, ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి అని చెప్పేది ఇలాంటి చోటే.

కొలత మారిందా, వాడకం మారిందా అన్నవి మిగతా ప్రశ్నలు. బాల్కనీ మూసి గదిలో కలిపేసుకోవడం, సెట్‌బ్యాక్‌లో వంటగది పొడిగించడం, డాబా మీద రేకులు వేసి తర్వాత ఇటుకలు పెట్టి పెంట్‌హౌస్ అనడం, కింద పిల్లర్ల మధ్య వదిలిన స్టిల్ట్ పార్కింగ్‌కు షట్టర్ బిగించి షాపు చేయడం. వీటిని మరమ్మతు అనుకునేది ఇంటివాళ్లు మాత్రమే. పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలన్నా కొత్త కట్టడం లాగే ప్లాన్ పెట్టాలి, పైగా పాత పునాది మోస్తుందో లేదో చూపాలి. అపార్ట్‌మెంట్ ఫ్లాటైతే మీ స్లాబు కిందివాళ్ల పైకప్పు కూడా. అసోసియేషన్‌తో మాట్లాడకుండా బీము దగ్గర డ్రిల్లు పెట్టించిన ఒక క్లయింట్, పని మధ్యలోనే ఆపుకోవాల్సి వచ్చింది.

ఇక ఓసీ గురించి, అంటే ఇల్లు ప్లాన్ ప్రకారమే పూర్తయింది, అందులో ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం. ఇల్లు 200 చదరపు మీటర్ల లోపు స్థలంలో ఉండి, 7 మీటర్ల ఎత్తు దాటకపోతే మార్ట్‌గేజ్ గొడవ లేదు. అంతకు మించితే పర్మిషన్ సమయంలోనే కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేయాలి. అది విడిపించేది ఓసీయే. గృహప్రవేశం అయిపోయాక దాని ఊసే ఎత్తరు చాలామంది. అమ్మేటప్పుడు కొనేవాడి బ్యాంకు అడుగుతుంది, అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇంకాస్త బిగించింది: కరెంటు, నీటి కనెక్షన్లు ఓసీ చూశాకే ఇవ్వాలని, భవనం మీద అప్పు ఇచ్చేముందు బ్యాంకులు దాన్ని సరిచూడాలని.

మొత్తమ్మీద స్థలం కొలతలు, కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లకు ఈ పద్ధతికి నేను నిండు మార్కులే వేస్తాను. లింక్ డాక్యుమెంట్లలో తేడాలున్నా, లేఅవుట్‌కు అనుమతి లేకపోయినా, ముందు ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని స్థలాల క్రమబద్ధీకరణ) లాంటివి తేల్చుకుని తర్వాతే దరఖాస్తు పెట్టండి. తొందరేమీ లేదు. మరమ్మతులకు విడిగా ఒక చిన్న దరఖాస్తు, ఏది పెట్టాలో ఏది అక్కర్లేదో చెప్పే ఒక పేజీ ఉంటే నా ఫోన్ సగం మోగదు.