అమీర్‌పేటలో తీసుకున్న డిజిటల్ సంతకం టోకెన్: వస్తువు మేలు, దుకాణం పద్ధతి కాదు

మా చిన్న కంపెనీ జీఎస్‌టీ రిటర్నులకు, ఈ-టెండర్లకు అవసరమై, రెండేళ్ళ గడువున్న క్లాస్ 3 డీఎస్‌సీని (డిజిటల్ సంతకానికి ధ్రువపత్రం; యూఎస్‌బీ టోకెన్‌లో ఇస్తారు) గత నెల అమీర్‌పేటలోని ఒక దుకాణంలో తీసుకున్నాను. (డీఎస్‌సీ వచ్చిందనగానే మా మేనమామ టీచరు ఉద్యోగం అనుకుని అభినందించారు.)

చూడటానికి పెన్‌డ్రైవ్‌లాగే ఉన్నా, ఈ యూఎస్‌బీ టోకెన్ చేసే పని వేరు. లోపలి చిప్పు తన సర్క్యూట్లలోని విద్యుత్ అలజడి నుంచి యాదృచ్ఛిక సంఖ్యలను తీసి, వాటి ఆధారంగా రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను ఎంచుకుని, 2048 బిట్ల కీ జతను తానే తయారుచేస్తుంది. అందులో సంతకాన్ని సరిచూడటానికి వాడే పబ్లిక్ కీ మాత్రమే ధ్రువపత్రం కోసం బయటికి వెళ్తుంది. సంతకం పెట్టే ప్రైవేట్ కీ చిప్పు దాటదు. సంతకం చేయవలసినప్పుడు పత్రం తాలూకు హ్యాష్ (పత్రం నుంచి లెక్కగట్టిన, వేలిముద్రలాంటి చిన్న సంఖ్య) లోపలికి వెళ్తుంది, సంతకం బయటికి వస్తుంది. అదే కీని కంప్యూటర్‌లో ఫైలుగా దాచుకుంటే, దానికి ఎవరు ఎన్ని నకళ్ళు తీసుకున్నారో మనకు తెలిసే దారే లేదు.

చిప్పులో పుట్టినంత మాత్రాన ప్రతి కీ గట్టిదనీ అనలేము. ఇన్ఫినియన్ అనే జర్మన్ కంపెనీ చిప్పులు ప్రధాన సంఖ్యలను ఎంచుకునే పద్ధతిలోనే లోపముందని 2017లో బయటపడటంతో, ఎస్టోనియా ప్రభుత్వం 7.5 లక్షలకు పైగా గుర్తింపు కార్డుల ధ్రువపత్రాలను నిలిపివేయవలసి వచ్చింది.

నా అభ్యంతరమల్లా దుకాణం మీదే. కౌంటరులోని కుర్రాడు టోకెన్‌ను తన కంప్యూటర్‌కే తగిలించి, కీ తయారుచేయించి, 12345678 అని పిన్ పెట్టి, దాన్ని స్టిక్కరు మీద రాసి టోకెన్ వెనకే అంటించాడు. అడిగితే, “అందరికీ ఇదే పెడతాం సార్, తర్వాత మార్చుకోండి” అన్నాడు. కీని అతను కాపీ చేయలేడు, నిజమే; కానీ టోకెన్, పిన్ రెండూ చేతిలో ఉన్నవాడికి కాపీతో పనేముంది? నా పేరుతో ఏ పత్రం మీదైనా సంతకం పెట్టవచ్చు. ఇంటికి రాగానే పిన్ మార్చాను. ఆడిటరు గారి సొరుగులో టోకెన్లను ఏళ్ళ తరబడి వదిలేసే కంపెనీలకూ ఇదే ప్రమాదం.

డ్రైవర్ సాఫ్ట్‌వేర్ రెండోసారికి గానీ ఎక్కలేదు. ఆ తర్వాత ఇబ్బంది లేదు. టోకెన్ పోతే సంతకానికి కొత్త ధ్రువపత్రం తీసుకోవచ్చు గానీ, ఫైళ్ళకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ కీ కూడా అందులోనే ఉండి, దానికి మరో నకలు లేకపోతే దానితో మూసిన ఫైళ్ళు ఇక తెరుచుకోవు. ఈ ముక్క దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

ధర, వేగం బాగున్నాయి కనుక గడువు తీరాక మళ్ళీ అక్కడికే వెళ్తాను, అయితే ఈసారి సొంత ల్యాప్‌టాప్ వెంటబెట్టుకుని.