పాత కార్ల క్లబ్బుతో వికారాబాద్ దారిలో: ఏళ్ల తరబడి తిరిగాక నా సమీక్ష

పాత కార్ల క్లబ్బులో చేరాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది చందా ఎంత అని, ఆ తర్వాత ఏయే కార్లు వస్తాయని. నా దృష్టిలో అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మన బండి దారిలో మొరాయిస్తే ఎంతమంది తమ బండ్లు ఆపి దిగుతారు? మా హైదరాబాద్ క్లబ్బు ఏటా చలికాలంలో పల్లెల వైపు ఒకరోజు షికారు పెడుతుంది. చాలా ఏళ్లుగా నా పాత ప్రీమియర్ పద్మిని కారుతో వెళ్తున్నాను. ఈ ఒక్క రోజు కోసమైనా సభ్యత్వం తీసుకోవచ్చని ధైర్యంగా చెప్పగలను. మారాల్సినవీ కొన్ని ఉన్నాయి, అవీ దాచకుండా రాస్తాను.

ఇన్నేళ్లలో తిరిగిన దారుల్లో నా ఓటు వికారాబాద్‌కే. నగర శివారులోని అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా అనంతగిరి కొండలకు వెళ్తాం. నగరం నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. పాత బండికి ఇది చక్కగా కుదిరే దూరం. ఇంజిను బాగా వేడెక్కి తన గుణం బయటపెడుతుంది, చీకటి పడేలోపు ఇల్లూ చేరవచ్చు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న సుమారు 46 కిలోమీటర్లలో రోడ్డుకు అటూ ఇటూ దాదాపు 900 మర్రిచెట్లు పేరు తెచ్చుకున్నాయి. రోడ్డు వెడల్పు చేయడం వల్ల వీటికి ముప్పు వచ్చినప్పుడు ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ తలుపు తట్టారు. వాళ్లకు నేను మనసారా రుణపడి ఉన్నాను. ఏసీ లేని కారులో, ముందు తలుపు మూలనున్న చిన్న కిటికీ అద్దాన్ని తిప్పి పెట్టుకుని ఆ నీడలో వెళ్తుంటే ముఖానికి తగిలే గాలి విలువ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నీడ బండికీ మేలే, ఎందుకో కింద చెబుతాను.

ముందు బండి సంగతి. ముంబై కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారం 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్‌ను తయారు చేసింది. అదే కారుకు 1974లో పద్మిని అనే పేరు వచ్చింది. 1089 సీసీ ఇంజిను, సుమారు 40 అశ్వశక్తి. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. మొదటి గేరుకు సింక్రోమెష్, అంటే బండి కదులుతుండగానే గేరు సాఫీగా పడేలా చేసే అమరిక, లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే అందులోకి వెయ్యాలి. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఇంజిను ఎంతో హాయిగా తిరుగుతుంది. 80 దాటితే ఒళ్లంతా వణుకుతుంది, అంత తొందరపెట్టడం నాకు ఇష్టం లేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. అందుకే అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు నొక్కిపెట్టకుండా రెండో గేరులో ఇంజినుతోనే వేగం ఆపుకోవాలి. డ్రమ్ములు వేడెక్కితే బ్రేకు పట్టు సడలిపోతుంది. కొత్త సభ్యులకు ఈ మాట బయలుదేరే ముందే చెప్పి పంపాలి. మా క్లబ్బు ఈ పని శ్రద్ధగా చేస్తుంది, అందుకు పూర్తి మార్కులు.

ఇప్పుడు నేను మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. ఒక ఏడాది ఎండ ముదిరాక మన్నెగూడ దాటి కొంత దూరం వెళ్లామో లేదో పద్మిని రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నా వెనక వస్తున్న అంబాసిడర్ ఆగింది, దాని వెనక స్టాండర్డ్ హెరాల్డ్ ఆగింది, ఆ వెనక జీపు. క్లబ్బు ప్రతిసారీ వెంట తీసుకొచ్చే మెకానిక్ చాచా ఆ జీపులోనే ఉన్నాడు. నేను మళ్లీ తాళం తిప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "స్టార్టర్ కొట్టకు బేటా, బ్యాటరీ పోతుంది. ముందు చల్లారనీ" అన్నాడు. బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద వేలి కొసతో తాకి వెంటనే తీసేశాడు. ఈ కారులో పెట్రోలు పంపు ఇంజినుకే అతుక్కుని ఉంటుంది. ఆ వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతే, దాన్ని గాలితో కలిపి ఇంజినుకు పంపే కార్బురేటర్‌కు చుక్క అందదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. నీడ బండికీ మేలని అందుకే అన్నాను. చాచా భుజం మీది తువ్వాలును సీసాలో నీళ్లతో తడిపి పంపు చుట్టూ చుట్టాడు. కాసేపటికి తీసి, మళ్లీ తడిపి చుట్టాడు. ఈలోగా స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల కరెంటును కలిపి విడదీసే కాంటాక్ట్ పాయింట్ల మీది నలుపును గీకి, వాటి మధ్య సందును ఒక విజిటింగ్ కార్డు దూర్చి సరిచూశాడు. తాళం తిప్పగానే ఇంజిను అందుకుంది.

ఆ కాసేపట్లోనే ఇంకో తరగతి జరిగింది. హెరాల్డ్ బానెట్ ముందు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. దాన్ని ఎత్తిపెట్టగానే పిల్లలు చుట్టూ మూగారు. హెరాల్డ్ యజమాని ముందు టైరు మీద కూర్చుని రేడియేటర్ ఎక్కడ, డైనమో ఎక్కడ, ఫ్యాన్ బెల్టు ఎందుకు అని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు మా క్లబ్బులో పాయింట్లు తనే సరిచేసుకుంటుంది. హోటల్ ఆవరణలో వరుసగా నిలబెట్టే ప్రదర్శనల్లో ఇలాంటిది జరగదు. అక్కడ బానెట్లు మెరుస్తాయి కానీ వాటిని ఎవరూ ఎత్తరు.

చేవెళ్లలో టీ కోసం ఆగినప్పుడు వచ్చే జనం కూడా ఈ రోజులో పెద్ద భాగం. పద్మిని అని ఎవరూ అనరు, అందరికీ అది ఫియటే. ఒకసారి ఓ పెద్దాయన చాలాసేపు కారు చుట్టూ తిరిగి, ఒక డాక్టరుగారి దగ్గర ఫియట్ నడిపానని చెప్పాడు. డ్రైవరు సీట్లో కూర్చోమన్నాను. కూర్చోగానే ఆయన ఎడమ చెయ్యి కిందికి చూడకుండానే గేరు కడ్డీ మీదికి వెళ్లింది. క్లచ్ తొక్కి నాలుగు గేర్లూ వరుసగా వేసి చూపించి, "మూడోది కొంచెం వదులైంది, బుష్ మార్చండి సార్" అన్నాడు. ఆ వారమే మార్పించాను. ఆయన చెప్పింది నిజమే, బుష్ అరిగిపోయి ఉంది.

భోజనం మామిడితోటలో. జొన్నరొట్టె, నాటుకోడి కూర, తాండూరు కందిపప్పు. ఎప్పుడూ లోటు లేదు.

ఇక నచ్చనివి. బయలుదేరే వేళ ఆరు అంటారు, ఏడున్నరకు గానీ కదలరు. పాత కారుకు ఈ గంటన్నర చిన్న విషయం కాదు. చల్లటి వేళంతా పార్కింగ్‌లో ఖర్చయిపోయి ఎండ వేళ ఘాట్ ఎక్కాల్సి వస్తుంది. దానికితోడు ఆదివారం అనంతగిరిలో నగరం నుంచి వచ్చే రద్దీ ఎక్కువ. ఎత్తు మీద ఆగి ఆగి కదలడం క్లచ్ ప్లేటుకు శిక్ష. రెండో శనివారానికి మార్చమని ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నాను. ఈమధ్య కొందరు కారును లారీ మీద తెచ్చి, తోట గేటు దగ్గర దించి, ఫోటోలు దిగి, మళ్లీ లారీ ఎక్కిస్తున్నారు. వందేళ్ల బండి అయితే అర్థం చేసుకుంటాను. చక్కగా నడిచే బండ్లకు ఇది అన్యాయం. నడవని కారులో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, టైర్లు ఒకే చోట అణిగిపోతాయి.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. బంకుల్లో ఇప్పుడు మామూలుగా దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపినదే. పాత రబ్బరు గొట్టాలను, పంపులోని డయాఫ్రమ్ అనే పలుచటి పొరను అది మెత్తబరిచి పాడుచేస్తుంది. గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపిన బండిలో ఆ నీరు ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పడుతుంది. నేను గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాను, రెండు వారాలకోసారి బండి తీస్తాను. విడిభాగాల బాధ వేరే ఉంది. ముంబైలో పద్మిని టాక్సీలు తిరిగినన్నాళ్లూ గిరాకీ ఉండబట్టి సామాను దొరికేది. ఆఖరి టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. ఇప్పుడు ఎవరి దగ్గర ఏముందో చెప్పేది క్లబ్బు సభ్యులే. నా కార్బురేటర్ కిట్ అలా తోటలో భోజనాల దగ్గరే దొరికింది.

కాగితాల విషయంలో ఒక హెచ్చరిక. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్తగా తీసుకుంటే 20,000 రూపాయలు, పదేళ్లకు. పద్మిని పేరుతో వచ్చిన తొలి బండ్లే ఇప్పుడిప్పుడు ఆ వయసు దాటుతున్నాయి. ఆ నంబరు తీసుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు వంటి పనులకే బయటికి తీయాలి. నాలాగా వాడే ఉద్దేశం ఉంటే మామూలు ఆర్‌సీనే ఫిట్‌నెస్ చేయించి పొడిగించుకోవడం మంచిది.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఆలస్యానికి. మీరు వచ్చేటట్లయితే అయిదు లీటర్ల నీళ్లు, పాత తువ్వాలు, ఫ్యాన్ బెల్టు, ఒక జత పాయింట్లు, వాటికి జతగా ఉండే కండెన్సర్ వెంట తెచ్చుకోండి. కారు లేనివాళ్లూ రావచ్చు, జీపులో చాచా పక్కన సీటు ఖాళీగానే ఉంటుంది. పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆ సీటే అడగండి.