బోర్‌స్నేక్, హాపీస్ నంబర్ 9: .22, .32 కన్వర్షన్ యూనిట్‌కి ఏది ఎంతవరకు?

హాపీస్ నంబర్ 9 అంటే తుపాకీ మురికిని కరిగించే ద్రావకం. బోర్‌స్నేక్ అంటే బ్యారెల్ లోపలి నుంచి లాగి శుభ్రం చేసే తాడు. ముందే తీర్పు చెప్పేస్తే: ద్రావకం కొనండి, .22 క్యాలిబర్ (తూటా సైజు) స్నేక్ కూడా కొనండి. .32కి మాత్రం స్నేక్ మీద డబ్బు పెట్టేకంటే మంచి కాంస్యపు బ్రష్, పైపూత ఉన్న సింగిల్ పీస్ రాడ్ తీసుకోవడం మేలు.

గచ్చిబౌలి రేంజ్‌లో 25 మీటర్ల పోటీలకు ఒకే పిస్టల్ ఫ్రేమ్ మీద రెండు క్యాలిబర్లు మార్చుకునేవాళ్లకు ఈ యూనిట్ కొత్త కాదు. బ్యారెల్, బోల్ట్ (తూటాని వెనక నుంచి మూసే కదిలే భాగం), దాన్ని మళ్లీ ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్, మ్యాగజీన్ కలిపి ఒక సెట్టు. చిక్కేమిటంటే అందులో మురికి చేరేది బోరులో (బ్యారెల్ లోపలి రంధ్రంలో) తక్కువ, ఛాంబర్‌లోనూ (తూటా కూర్చునే చోట) బోల్ట్ ముఖం మీదా ఎక్కువ. .22 తూటాకి సీసం మీద మైనం పూత ఉంటుంది. అది మసితో కలిసి ఛాంబర్ అంచున గట్టి వలయంలా పేరుకుంటుంది. తర్వాత తూటా పూర్తిగా కూర్చోదు, ఖాళీ కేసు సరిగా బయటికి రాదు. అప్పుడు అందరూ స్ప్రింగ్‌ని తిడతారు! స్నేక్ ఆ వలయం మీదుగా జారిపోతుంది తప్ప దాన్ని గీకదు.

విప్పేముందు తూటాలు మీరు పనిచేసే గదిలోనే ఉండకూడదు. మ్యాగజీన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి చూడాలి. మ్యాగజీన్ తీయకుండా బోల్ట్ లాగితే, వదలగానే ఇంకో తూటా ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. అందుకే ఈ వరస తప్పకూడదు. ఖాళీ .22 మీద ట్రిగ్గర్ నొక్కడం అలవాటు చేసుకోవద్దు: చాలా మోడళ్లలో తూటాని పేల్చే పిన్ను ఛాంబర్ అంచుకి తగిలి అక్కడ లోహం పొంగుతుంది, అదీ జామ్‌కి దారే. రికాయిల్ స్ప్రింగ్ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని, పారదర్శకమైన పాలిథిన్ సంచిలో చేతులు పెట్టి విప్పండి. ఎగిరినా సంచిలోనే పడుతుంది. .22 స్ప్రింగ్, .32 స్ప్రింగ్ బలం వేరు. రెండు యూనిట్లూ ఒకేసారి విప్పి టేబుల్ మీద పోస్తే మారిపోవడం ఖాయం. మెత్తటి స్ప్రింగ్ .32లో పడితే బోల్ట్ వెనక గోడని బాదుతుంది, గట్టిది .22లో పడితే కేసు బయటికి రాదు.

ఇక పని. గుడ్డ ముక్క మీద నాలుగైదు చుక్కల హాపీస్, ఛాంబర్ వైపు నుంచి ఒకసారి లాగి, పది నిమిషాలు వదిలేయాలి. 1903 నుంచి వస్తున్న సరుకు, మసినీ మైనాన్నీ బాగానే కరిగిస్తుంది. గట్టిపడ్డ సీసాన్ని మాత్రం అది ఒక్కటే తీయలేదు. .32 వాడ్‌కట్టర్‌కి (చదును మొన ఉన్న సీసపు తూటాకి) ఛాంబర్ ముందు సీసం పొరలు పడతాయి. అక్కడ పాత బ్రష్‌కి స్వచ్ఛమైన రాగి పోగులు చుట్టి ఎనిమిది పది సార్లు తోయండి. వంటింటి స్క్రబ్బర్ వాడేట్టయితే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది రాగి పూతేసిన ఇనుము, గీతలు పడతాయి. .22 ఛాంబర్‌లో బ్రష్‌ని తోయకుండా చేత్తో తిప్పాలి. ఖాళీ కేసుని బయటికి లాగే ఎక్‌స్ట్రాక్టర్ గోరు కింది మసికి అగ్గిపుల్ల చాలు, స్టీల్ సూది వద్దు.

స్నేక్ నిజంగా పనికొచ్చేది ఒక చోట. కొన్ని యూనిట్లలో రిసీవర్ వెనక మూసి ఉంటుంది, ఛాంబర్ వైపు నుంచి రాడ్ నేరుగా పోదు. మూతి వైపు నుంచి తోస్తే క్రౌన్ (మూతి అంచు) అరుగుతుంది. అక్కడ స్నేక్‌ని వెనక నుంచి వదిలి, మూతి దగ్గర వంపు లేకుండా తిన్నగా లాగండి. ఇత్తడి బరువు మీద క్యాలిబర్ ముద్ర ఉంటుంది, చూడకుండా పెద్దది దూర్చి బలవంతంగా లాగితే తాడు లోపలే తెగుతుంది. సబ్బు నీళ్లలో ఉతికి పూర్తిగా ఆరబెట్టాలి. ఉతకని స్నేక్ పాత మసినే మళ్లీ బోరులోకి పూస్తుంది.

హాపీస్‌కి మంట అంటుకుంటుంది. పూజ గది పక్కనో, స్టవ్ ఉన్న చోటో మూత తీయకండి, ఏసీ వేసి కిటికీలు మూసుకోకండి. కర్ర గ్రిప్ ముందే తీసేయండి, పాలిష్ పోతుంది. సీసం చేతికి అంటుతుంది కాబట్టి నైట్రైల్ తొడుగులు వేసుకోండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి, అక్కడే సరైన అలెన్ కీలు కూడా.

చివర్లో నూనె రెండు చుక్కలే, బోల్ట్ జారే పట్టాల మీద. ఎక్కువైతే మన వేసవి దుమ్ము దానికి పట్టి ముద్దవుతుంది. ట్రిగ్గర్ సియర్ (నొక్కేదాకా పేల్చే భాగాన్ని ఆపే కొక్కెం) దగ్గరికి నూనె వెళ్లకుండా చూడండి. బిగించాక ఖాళీ అని మళ్లీ నిర్ధారించుకుని, ఛాంబర్‌లో స్నాప్ క్యాప్ (పేలని డమ్మీ తూటా) పెట్టి, ట్రిగ్గర్‌కి 1000 గ్రాముల బరువు వేలాడదీసి చూడాలి. ఆ బరువుకి ట్రిగ్గర్ నిలవకపోతే పోటీ రోజున తనిఖీ టేబుల్ దగ్గరే ఆపేస్తారు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా విడి యూనిట్‌ని ఫోమ్ పెట్టెలో వదిలేయొద్దు. ఫోమ్ తేమ పీల్చి బ్యారెల్ పక్కలకి తుప్పు పట్టిస్తుంది. పలుచగా నూనె రాసి, సిలికా జెల్ సంచితో తాళం ఉన్న బీరువాలో పెట్టండి. ఆయుధాల చట్టం కింద విడి భాగాలు కూడా ఆయుధాలే.