ఐరన్‌స్వార్న్: ప్రతి నిర్ణయానికీ ధర ఉన్న సాహస ఆట

కొందరు మిత్రులు సందేశాలు రాసుకుంటూ కలిసి ఆడే సాహస కథల్లో తరచుగా లోపించేది పర్యవసానం. కథ నడిపేవారు దారి ఎటని అడుగుతారు, ఆటగాళ్లు తలా ఒక మాట చెబుతారు, చివరికి ఎటు వెళ్లినా ముందే అనుకున్న కోట గుమ్మం దగ్గరే తేలతారు. ఆటగాళ్లు తలా ఒక పాత్రను నడుపుతూ, ఆ పాత్రలు చేసిన శపథాలను నెరవేర్చడానికి సాగే ఆట ఐరన్‌స్వార్న్. షాన్ టామ్‌కిన్ రూపొందించగా 2018లో వెలువడిన దీన్ని మా బృందం కొన్నేళ్లుగా ఆడుతోంది. హైదరాబాదులో ఉన్నవారికీ అమెరికాలో ఉన్నవారికీ ఒకే వేళ కుదరదు కనుక, ఎవరికి వీలైనప్పుడు వారు తమ వంతు రాస్తారు. ఏ నిర్ణయానికి ఎంత పోగొట్టుకోవలసి వస్తుందో ముందే అందరికీ తెలియడం ఈ ఆటకు అసలు బలమని ఇంతకాలం ఆడాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

విధానం చిన్నదే. ఆరు ముఖాల పాచికపై వచ్చిన అంకెకు ఆ పనిలో పాత్రకున్న సామర్థ్యపు అంకెను కలిపి, ఆ మొత్తాన్ని పది ముఖాల పాచికలు రెండింటితో విడివిడిగా పోల్చాలి. రెండింటినీ మించితే పూర్తి విజయం, ఒకదాన్నే మించితే నష్టంతో కూడిన విజయం, దేన్నీ మించకపోతే ఓటమి. లెక్క వేసి చూస్తే, సామర్థ్యం 2 ఉన్న పాత్రకు పూర్తి విజయం దాదాపు 23 శాతం, నష్టంతో కూడిన విజయం 44 శాతం, ఓటమి 33 శాతం. సామర్థ్యం 3 అయితే మొదటి అంకె, చివరి అంకె తారుమారవుతాయి. కాబట్టి ఏ పనికి ఎవరు ముందుకు రావాలన్న చర్చ మా బృందంలో మొదటి వారంలోనే మొదలైంది.

నాకు అన్నింటికన్నా నచ్చినది సరుకుల లెక్క. ఆరంభంలో 5 ఉండే ఈ అంకె బృందమంతటికీ ఉమ్మడిది. ప్రయాణంలో నష్టంతో కూడిన విజయం వస్తే ఒక మజిలీ ముందుకు సాగుతాం గాని సరుకులు ఒకటి తగ్గుతాయి. సున్నాకు చేరాక బృందమంతా ఇబ్బందుల్లో పడుతుంది. కనుమ దాటే దారి దగ్గరదైనా ప్రమాదకరం, లోయ దారి క్షేమమైనా మజిలీలు ఎక్కువ అన్నప్పుడు, చేతిలో రెండే మిగిలిన బృందం ఆ ఎంపికను మాటవరసకు చేయలేదు. మా వాళ్లు దానిపై రెండు రోజులు వాదించుకున్నారు. కథకుడు భయపెట్టే వర్ణన ఒక్కటీ రాయనవసరం లేకపోయింది.

పాత్రకు ఉన్న ఊపును చూపే మొమెంటం అనే మరో లెక్క −6 నుంచి 10 వరకు నడుస్తుంది. పాచికలు ఎదురు తిరిగినప్పుడు దాన్ని ఖర్చు చేసి, దానికంటే తక్కువ అంకె చూపిన పది ముఖాల పాచికలను రద్దు చేయవచ్చు, కాని ఆ వెంటనే అది 2కు పడిపోతుంది. అయితే శపథం నెరవేర్చే ఘట్టంలో ఈ సాయం పనికిరాదు. అక్కడ సామర్థ్యాలకు కూడా చోటు లేదు. శపథం దిశగా సాగిన ప్రగతికి గుర్తుగా అప్పటిదాకా నింపుకొన్న గడుల సంఖ్యే పాచికలతో తలపడుతుంది. పదింటిలో ఏడు నిండినప్పుడు ప్రయత్నిస్తే పూర్తి విజయానికి అవకాశం 36 శాతం, పూర్తి ఓటమికి 16 శాతం. ఇంకొక గడి నింపి రావాలా, ఇప్పుడే తెగించాలా అన్న తర్జనభర్జనే నా దృష్టిలో ఈ ఆటలోని మేలైన ఘట్టం.

లోపాలూ ఉన్నాయి. ఎదురెదురుగా కూర్చుని ఆడితే నిమిషాల్లో ముగిసే పోరాటం సందేశాల్లో వారాలు సాగుతుంది, ఎందుకంటే ప్రతి దెబ్బకూ ఒకరు పాచిక వేసి, ఫలితం రాసి, మరొకరి కోసం ఆగాలి. మేము చిన్న పోరాటాలను ఒక్కసారి పాచికలు వేసి తేల్చేస్తాం. నియమావళే అందుకు వీలిచ్చింది. నష్టంతో కూడిన విజయాలు వరుసగా వచ్చినప్పుడు ప్రతిసారీ కొత్త నష్టం ఊహించడం కథకుడికి విసుగు పుట్టిస్తుంది. కథ జరిగే కల్పిత ప్రాంతం, చలిదేశపు వాతావరణం ఉన్న ఐరన్‌లాండ్స్, మన పాఠకుడికి కొంత పరాయిగానే ఉంటుంది గాని, అది పెద్ద అడ్డంకి కాదు.

అసలైన కొరత మరొకటి: బృందం విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు శత్రువు ఏం చేస్తున్నాడో మూల నియమాలు గట్టిగా పట్టించుకోవు. అందుకని జాన్ హార్పర్ రూపొందించిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అనే ఇలాంటి మరో ఆట నుంచి గడియార చక్రాన్ని అరువు తెచ్చుకున్నాం. ఎనిమిది భాగాల వృత్తం గీసి అందరికీ కనిపించేలా ఉంచుతాం. బృందం ఊళ్లో ఆగిన ప్రతిసారీ ఒక భాగం నిండుతుంది, మొత్తం నిండితే శత్రువు అనుకున్నది జరిగిపోతుంది. ఆ తర్వాత గాయాలు మాన్పుకోవడానికి ఆగడం కూడా ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయమైంది, ఒక గ్రామాన్ని మేము నిజంగానే పోగొట్టుకున్నాం.

ఇంగ్లీషులో ఉన్న మూల గ్రంథం డిజిటల్ ప్రతి ఉచితంగా దొరుకుతుంది. కథకుడు లేకుండా ఒంటరిగానూ ఆడవచ్చు. సందేశాల్లో ఆడేవారికి మాత్రం ముగ్గురు ఆటగాళ్లు సరిపోతారు. ఐదుగురైతే ఒకరి వంతు కోసం మిగిలినవారంతా ఎదురుచూస్తూ కూర్చుంటారు.