కొండారెడ్డి బురుజు దగ్గర గడియారాల భాయ్: మా తాత గడియారం మళ్లీ తిరిగింది

మా తాత మద్రాసు మూర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్మిత్స్ సెక్ట్రిక్ కరెంటు గడియారం ఇది. ఇంగ్లండ్ సరుకు, గోధుమరంగు బేకలైట్ డబ్బా. 2009 అక్టోబర్ కర్నూలు వరదకు గోడ మీదే మునిగింది. బురద కడిగితే డబ్బాకు గీత కూడా పడలేదు గానీ, కాయిల్ పోయింది. అప్పట్లో ఒక షాపులో చూపిస్తే, మోటారు పీకేసి బ్యాటరీ మిషన్ పెడతానన్నారు. కడుపు మండి వెనక్కి తెచ్చేసుకున్నా. అప్పటినుంచి బీరువా మీదే.

బురుజు వెనక సందులో, బోర్డు కూడా లేని ఈ చిన్న షాపుకు పోయిన నెల తీసుకెళ్లా. భాయ్ వెనక మూత విప్పి, మోటారులో తిరిగే రోటర్‌ను చిటికెన వేలితో తిప్పి చూశాడు. "ఇది బాగానే ఉంది సార్, వైండింగ్ తెగింది, అంతే." పాత కాయిల్‌ను చుట్టు చుట్టు విప్పి లెక్కపెట్టి, వెంట్రుకంత సన్నటి రాగి తీగతో కొత్తది చుట్టాడు. మూడు వారాలు, 900 రూపాయలు. ఆ ఓపికకు అది తక్కువే.

నేను సబ్‌స్టేషన్‌లో ముప్పై ఏళ్లు చేశా, ఈ గడియారం మీద ప్రేమ అక్కడిదే. దీనికి లోలకం లేదు, స్ప్రింగు లేదు. లైన్లో కరెంటు సెకనుకు కొట్టే 50 సైకిళ్లే దీని నాడి. ఆ ఫ్రీక్వెన్సీ 49కి పడితే గంటకు 72 సెకన్లు వెనకబడుతుంది. తాత రోజూ రేడియో వార్తలకు ముల్లు సరిచేసేవాడు, ఎందుకో నాకు ఉద్యోగంలో చేరాకే అర్థమైంది. 2013 డిసెంబర్ 31న మన సదరన్ గ్రిడ్‌ను, అంటే దక్షిణాది కరెంటు లైన్ల వ్యవస్థను, మిగతా దేశంతో కలిపారు. దాంతో ఫ్రీక్వెన్సీ ఊగిసలాట తగ్గింది. ఇప్పుడు రెండు వారాలు ఫోన్‌తో పోల్చి చూశా, తేడా రెండు నిమిషాలు దాటలేదు. సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమనకుండా నీళ్లలా జారుతుంటే చూస్తూ కూర్చోవచ్చు.

అమెరికా టెలిక్రాన్ కరెంటు గడియారాలు తెప్పించుకునేవాళ్లు జాగ్రత్త. అవి 60 సైకిళ్లవి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టులిచ్చినా ఇక్కడ గంటకు పది నిమిషాలు వెనకబడతాయి.

నచ్చనివి రెండు. పిగిలిపోయిన రబ్బరు వైరు మార్చడం మంచిదే, కానీ తెల్ల ప్లాస్టిక్‌ది వేశాడు, గుడ్డ తొడుగుదే కావాలని ముందే గట్టిగా చెప్పండి. బిల్లు ఇవ్వడు.

కరెంటు పోయొస్తే ఈ రకం దానంతటది తిరగదు, వెనక నాబ్ తిప్పాలి. నిన్న రాత్రి 2:17 దగ్గర ఆగింది, పొద్దున మా మనవరాలు తిప్పింది. శుక్రవారం మధ్యాహ్నం షాపు ఉండదు, పదకొండులోపు వెళ్లండి.